గాజుమనిషి చేతులు

మార్చి 4, బుధవారం

కొత్త కామిక్సు వచ్చే రోజు. ఒకప్పుడు బుధవారం కోసం వారమంతా ఎదురుచూసేదాన్ని. ఇప్పుడు మంగళవారం సాయంత్రానికే తల పట్టేస్తోంది.

షాపాయన నా కోసం పక్కన పెట్టిన కట్ట చేతికిచ్చి, "ఈ వారం కూడా అందరూ చచ్చారండీ" అన్నాడు. నిజమే. ఐదు పుస్తకాల్లో మూడింటి అట్టల మీద శవాలే.

'ఇనుపరెక్క' మళ్లీ ఒకటో నంబరు నుంచి మొదలైంది. తండ్రి చనిపోవడం, కుర్రాడు కొలిమిలో పడటం, వీపున రెక్కలు మొలవడం, అంతా మళ్లీ చదివాను. తండ్రి పోయినవాడు ఎవడైనా ఒకసారి ఏడుస్తాడు. వీడు రెండేళ్లకోసారి ఏడుస్తున్నాడు, అదీ ప్రతిసారీ కొత్త కోణంలో.

'సప్తసేన'లో లోకం అంతమైపోతోంది. పోయిన నెల కూడా అయింది. అసలేం జరిగిందో తెలియాలంటే ఇంకో డజను పుస్తకాలు చదవాలట, చివరి పేజీలో వేశారు. కథ కొనుక్కుంటే హోంవర్కు అంటగట్టినట్టుంది.

'ఆవిరి' గీసిన మహానుభావుడికి ఆడవాళ్లకు వెన్నెముక ఉంటుందని ఎవరూ చెప్పినట్టు లేరు. ముందూ వెనకా ఒకే బొమ్మలో కనపడాలని ఆ హీరోయిన్ నడుమును తడి తువ్వాలు పిండినట్టు పిండాడు.

'నిద్రలేనివాడు' ఫర్వాలేదు. ఈ వారం ఫర్వాలేదనడమే పెద్ద పొగడ్త.

ఐదోది 'గాజుమనిషి'. తెరవలేదు. అది అన్నయ్య గీసే పుస్తకం. అన్నయ్య పుస్తకం గురించి ఆదివారం పేపర్లో వచ్చే నా కాలమ్‌లో రాయనని నేనే నియమం పెట్టుకున్నాను.

అన్నయ్యకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఈ ఏడాది ఎత్తింది తక్కువ. ఎత్తకపోతే పోనీ, పెద్ద ఆర్టిస్టు. నాకేం బాధ లేదు.

మార్చి 5, గురువారం

ఆదివారం పేజీ ఎడిటర్ పిలిచాడు. నాకన్నా చిన్నవాడు. మేడమ్ అంటూనే మెడ మీద కత్తి పెడతాడు.

"ఈ వారం గాజుమనిషి గురించి రాయండి మేడమ్."

"అది మా అన్నయ్యది."

"అందుకే రాయమంటున్నాను. సొంత అన్న పుస్తకం తప్ప అందరివీ ఉతికేస్తుంది అని మెయిళ్లు వస్తున్నాయి."

"నేనెవర్నీ ఉతకను."

"పోయిన వారం ఒకాయన్ని కుంచె వదిలేసి చీపురు పట్టుకోమన్నారు."

"అది సలహా."

"ఆయన మీకు అన్నగారని కింద ఒక నోటు వేద్దాం. ఉన్నదున్నట్టు రాయండి, చాలు."

ఉన్నదున్నట్టు రాయాలట. అనడం ఎంత తేలిక.

మార్చి 6, శుక్రవారం

చదివాను. మళ్లీ చదివాను. మధ్యాహ్నం తిండి సంగతి కూడా మర్చిపోయాను.

కాలమ్ కోసం కథ రెండు ముక్కల్లో చెప్పాలి: కిటికీలకు అద్దాలు బిగించే పనివాడు ఒకరోజు తనే గాజుగా మారిపోతాడు. వెలుగుని పట్టి శత్రువు మీదకు విసరగలడు కానీ, తగిలిన ప్రతి దెబ్బకూ ఎక్కడో ఒకచోట పగులుతాడు.

అన్నయ్యకు చేతులు గీయడం రాదు. జాగ్రత్తగా చూసే ప్రతివాళ్లకూ తెలిసిన సంగతే ఇది. వాన, ఎత్తైన గోడలు, పగిలిన అద్దంలో ముక్కలైన వీధి, ఇవి అన్నయ్యలా గీసేవాళ్లు లేరు. చేతుల దగ్గరికొచ్చేసరికి మాత్రం జేబుల్లో దూరుస్తాడు, పొగలో దాస్తాడు, లేదా ఎవరిదో భుజం అడ్డం పెడతాడు. పదకొండేళ్లుగా గాజుమనిషి పిడికిలి చూపించాడే తప్ప వేళ్లు చూపించలేదు.

ఈ సంచికలో ఎక్కడ చూసినా చేతులే. పోట్లాట నాలుగు పేజీల్లో ముగిసిపోయింది. మిగతా పుస్తకమంతా ఒక ఆవిడ గాజుమనిషి భుజం ముక్కలు ఏరి అతికిస్తుంది. ముక్కను రెండు వేళ్ల మధ్య పట్టుకుని అంచు చూడటం, జిగురు మీద నోటితో ఊదడం. వేళ్లకు జిగురుంది కాబట్టి జుట్టును మణికట్టుతో వెనక్కి తోసుకుంటుంది. అన్నయ్యకు ఇంత చూపు ఎప్పుడొచ్చింది? వదినను చూసి గీసి ఉంటాడు. వదిన అచ్చం అలాగే తోసుకుంటుంది.

ఏకబిగిన రాసేశాను. "ఇన్నాళ్లూ జేబుల్లో దాచిన చేతుల్ని ఈయన బయటికి తీశాడు. ఇంతకాలం బతికున్నవాళ్లను గీయలేదు, ఇప్పుడు గీస్తున్నాడు." దాని ముందు వాన గురించి ఒక పేరా ఉంది. అన్నయ్య గీసిన వాన కింద నిలబడితే తడుస్తామేమో అనిపిస్తుందని రాశాను. అది కూడా నిజమే.

ఆ ఊపులోనే ఫోన్ చేశాను. వదిన ఎత్తింది. ఆ పుస్తకంలో మాటల బుడగల్లో అక్షరాలు రాసేది వదినే. ఇద్దరిదీ ఒకటే గది, పక్కపక్క బల్లలు.

"అన్నయ్యకివ్వు వదినా, ఒక్క మాట."

"పనిలో ఉన్నాడు."

"చెవి దగ్గర పెట్టు, చాలు."

"తర్వాత చేయిస్తాలే." కొంచెం ఆగి, "చదివావా?" అంది.

"చదివాను."

"ఎలా ఉంది?"

"ఆదివారం పేపర్లో చూసుకోండి."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. తర్వాత అన్నయ్యా చేయలేదు.

మార్చి 7, శనివారం

పంపాను. "అద్భుతం మేడమ్" అన్నాడు ఎడిటర్. ఈ మనిషి అద్భుతం అన్నాడంటే ఏదో కత్తిరించబోతున్నాడని అర్థం.

మార్చి 8, ఆదివారం

కత్తిరించాడు. వాన పేరా మొత్తం లేదు. శీర్షిక కూడా తనే పెట్టాడు: "ఇన్నాళ్లకు చేతులొచ్చాయి."

బతికున్నవాళ్లను గీయలేదు అన్న వాక్యం మాత్రం పెద్ద అక్షరాల్లో, పెట్టె కట్టి మరీ వేశాడు. ఆ వాక్యం నాదే. కానీ ముందు వాన ఉంటే అది వేరుగా వినపడుతుంది. వినపడుతుంది కదా. వినపడుతుంది.

మార్చి 9, సోమవారం

ఫోన్ ఎత్తలేదు. పొగిడితే అలిగే మనిషిని ఇప్పుడే చూస్తున్నాను. తప్పంతా ఆ ఎడిటర్‌ది.

మార్చి 10, మంగళవారం

పొద్దున వదిన ఫోన్. "సాయంత్రం ఒకసారి రా." ఇంకేం చెప్పలేదు.

ఆఫీసు నుంచి నేరుగా వెళ్లాను. తలుపు వదిన తీసింది. అన్నయ్య కిటికీ దగ్గర కూర్చున్నాడు, గీసే బల్లకు వీపు పెట్టి.

"బాగా రాశావు పిచ్చుకా," అన్నాడు. నన్ను ఆ పేరుతో పిలిచేది అన్నయ్య ఒక్కడే.

"వాళ్లు కోసేశారు అన్నయ్యా. వాన గురించి ఒక పేరా ఉండాలి."

"బాగా రాశావన్నానుగా."

వదిన గ్లాసుతో నీళ్లు తెచ్చి అన్నయ్య ముందు పెట్టింది. అన్నయ్య గ్లాసును చూసి, నన్ను చూసి, చేతులు ఒళ్లోనే ఉంచుకున్నాడు.

"తాగు. తనకి ఇంకెన్నాళ్లు తెలీకుండా ఉంటుంది," అంది వదిన.

రెండు చేతులతో ఎత్తాడు. కుడిచేతి వణుకు గ్లాసులోకి, గ్లాసులోంచి నీళ్లలోకి పాకింది. నోటి దాకా వెళ్లేలోపు చొక్కా తడిసిపోయింది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"పోయిన ఏడాది నుంచి."

"డాక్టరేమన్నాడు?"

"తగ్గేది కాదట. పెరక్కుండా చూద్దామన్నాడు."

మరి పుస్తకం, అని అడగబోయి బల్ల వైపు చూశాను. బల్ల మీద సగం అయిన పేజీ ఉంది. అందులో ఒక చెయ్యి. సిరా ఇంకా ఆరలేదు. వదిన చూపుడు వేలికీ అదే సిరా. అక్షరాలు రాసే మనిషికి వేలి మీద సిరా ఉండటం మామూలేనని నేనెప్పుడూ పట్టించుకోలేదు.

"నువ్వా వదినా?"

"మొదట్లో పెన్సిల్ మీ అన్నయ్య, సిరా నేను. తర్వాత అంతా నేనే. వాన తనలాగే గీశాను, గోడలు తనలాగే గీశాను. చేతులు కూడా తనలాగే జేబుల్లో పెట్టాను. ఈ ఒక్క నెల విసుగొచ్చి నాకు నచ్చినట్టు గీసుకున్నాను. సరిగ్గా ఈ నెలే నువ్వు రాశావు."

"వచ్చే నెల మళ్లీ తగ్గించమన్నాను," అన్నాడు అన్నయ్య.

"తగ్గించను."

"పేరు నాది."

"అవును, పేరు నీది. రోజంతా వంగి నొప్పిపుట్టే భుజం నాది."

అన్నయ్య నా వైపు తిరిగాడు. "బతికున్నవాళ్లను గీయలేదని రాశావు. నిజంగా అనుకునే రాశావా?"

ఎడిటర్ మీదకి తోసేయొచ్చు. నాలుక చివర దాకా వచ్చింది కూడా. కానీ అన్నయ్య చొక్కా తడిసి ఉంది, అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"అనుకునే రాశాను."

"సరే," అని కిటికీ వైపు తిరిగిపోయాడు.

వదిన మెట్ల దాకా వచ్చింది. "నా బొమ్మ గురించి ఇంతవరకూ ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. నువ్వు రాసింది బాత్రూంలో తలుపేసుకుని మళ్లీ మళ్లీ చదువుకున్నాను. ప్రతిసారీ మీ అన్నయ్య పేరు దగ్గరికొచ్చేసరికి పేపరు చింపేయాలనిపించింది."

"ఇప్పుడు నన్నేం చేయమంటావు?"

"నాకేం తెలుసు. రాసేది నువ్వు."

మార్చి 11, బుధవారం

కొత్త పుస్తకాలు తెచ్చాను. కట్ట విప్పలేదు.

ఆ చేతులు చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది.

లేదు. రాలేదు. అన్నయ్య మారాడని సంబరపడ్డాను. ఇన్ని నెలలుగా ఫోన్ ఎత్తకపోతే పొగరనుకున్నాను. ఫోన్ పట్టుకోవడమే కష్టమని నాకెలా తెలుస్తుంది? చెబితే కదా. చెప్పరు. ఇద్దరూ ఇద్దరే. నా మీద నాకు కోపం వస్తోందని రాయాలి కానీ, ఈ రోజుకి వాళ్ల మీదే వస్తోంది.

మార్చి 12, గురువారం

ఎడిటర్ మహా హుషారుగా ఉన్నాడు. మెయిళ్లు తెగ వస్తున్నాయట. "మీ అన్నగారి ఇంటర్వ్యూ వేద్దాం. ఆయన గీస్తుంటే చేతుల్ని దగ్గర్నుంచి ఫొటో తీయిద్దాం."

"ఒప్పుకోడు."

"ఎందుకని?"

"సిగ్గు."

"మీ ఇంట్లో అది ఉందని నాకు తెలీదు మేడమ్."

నేను అడగనంటే పబ్లిషర్‌తో చెప్పించుకుంటానన్నాడు. వద్దన్నాను. కారణం చెప్పమన్నాడు. ఏం చెప్పను? నిజం చెబితే పబ్లిషర్ అన్నయ్యను పక్కన పెట్టేస్తాడు. చెప్పకపోతే నేను రాసింది పాఠకులకు అబద్ధం, వదినకు అన్యాయం. నా బల్ల దగ్గరికి వచ్చేశాను.

మార్చి 14, శనివారం

ఈ రోజు సంగతి రాసి తీరాలి.

అన్నయ్య ఒప్పుకున్నాడు. వదిన ఫోన్ చేసి చెప్పింది. "కాదంటే పబ్లిషర్‌కి అనుమానమొస్తుందట. కుంచె పట్టుకుని ఊరికే కూర్చుంటాడట. నువ్వు రా, నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు."

నేను వెళ్లేసరికి ఫొటోగ్రాఫర్ లైటు సర్దుతున్నాడు. నెరిసిన గడ్డం, మెత్తటి మాట. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల ముందు కూర్చున్నాడు. ముందు వదిన గీసి దాదాపు పూర్తి చేసిన పేజీ. అన్నయ్య కుంచె పట్టుకుని మోచేయి బల్లకు ఆనించాడు. అలా కాసేపు బానే నడిచింది.

"ఊరికే పట్టుకుంటే ఫొటోలో తెలిసిపోతుంది సార్. నిజంగా ఒక గీత గీయండి."

అన్నయ్య ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. నేనేదో అడ్డం పడాలనుకున్నాను. కుంచె పేజీకి తగిలింది. తగిలి, ఆ గాజు అతికించే ఆవిడ ముఖం మీదుగా అడ్డంగా కొట్టుకుపోయింది. నల్లటి సిరా చెంప మీంచి వేళ్ల దాకా చారికలు కట్టింది.

ఫొటోగ్రాఫర్ కెమెరా దించేశాడు.

అన్నయ్య పేజీ వైపు చాలాసేపు చూశాడు. "ఈ పేజీ నాది కాదండీ," అన్నాడు. "ఆవిడది. మీ పేపరు మెచ్చుకున్న పుస్తకమంతా ఆవిడదే. ఆవిణ్ణి తీసుకోండి ఫొటో."

వదిన ముఖం వెలుగుతుందని నేననుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని.

"ఇప్పుడా," అంది వదిన. "పరాయి మనిషి కెమెరా పట్టుకుని నిలబడితే గాని నోరు పెగల్లేదా నీకు? ఇంట్లో మనిద్దరమే ఉన్నప్పుడు ఒక్కసారి అనుంటే చాలదా?"

పాడైన పేజీ తీసుకుని లోపలికెళ్లి తలుపేసుకుంది.

ఫొటోగ్రాఫర్ సామాను సర్దుకుంటూ, "లైటు సరిగా లేదని ఆఫీసులో చెప్తాను," అన్నాడు.

"వద్దు," అన్నాడు అన్నయ్య. "చూసింది చూసినట్టు చెప్పండి."

మార్చి 15, ఆదివారం

పేపరు తెరవలేదు.

మార్చి 16, సోమవారం

"ఇది ఇంకా పెద్ద కథ మేడమ్," అన్నాడు ఎడిటర్. "మీరే రాయండి. కన్నీళ్లు పెట్టించాలి."

"వాళ్లు రాయమంటేనే రాస్తాను."

"మీరు కాకపోతే ఇంకొకరు రాస్తారు."

"రాయించుకోండి. నా కాలమ్ కూడా వాళ్ల చేతే రాయించుకోండి."

అని బయటికొచ్చేశాను. కారిడార్లో నిలబడ్డాక గుర్తొచ్చింది. ఈ పని తప్ప నాకింకోటి రాదు. కాసేపటికి ఆయనే వచ్చి, "టీ తాగుదాం రండి," అన్నాడు. టీ తాగుతున్నంతసేపూ ఆ మాట ఎత్తలేదు. ఈ మనిషి తనను పూర్తిగా తిట్టుకోనివ్వడు, అదొక చిరాకు.

మార్చి 20, శుక్రవారం

వదిన ఫోన్. గొంతులో ఇంకా కోపం ఉంది, కానీ పనిలో పడ్డ మనిషి గొంతు.

పబ్లిషర్‌కు అన్నయ్యే చెప్పేశాడట. ఆయన ముందు ఎగిరి, తర్వాత పుస్తకం ఆపలేక దిగొచ్చాడట. ఇకమీద అట్ట మీద ఇద్దరి పేర్లూ, ఒకే సైజులో. అన్నయ్యలాగే గీస్తానని మాత్రం వదిన ఎవరికీ మాటివ్వలేదు.

"నువ్వు ఒక్క ముక్క వెయ్యి పేపర్లో. ఆ చేతులు నావని. కన్నీళ్లూ గిన్నీళ్లూ వద్దు. నా పేరు మాత్రం తప్పుల్లేకుండా వెయ్యి."

"వేస్తాను. అన్నయ్య ఎలా ఉన్నాడు?"

"వచ్చే సంచికలో మొదటి నాలుగు పేజీలు తనే గీస్తాడట."

"గీయగలడా?"

"గీయలేడు. గీస్తాడట. బతికున్నవాళ్లను గీయలేదన్నావుగా. చూపిస్తానంటున్నాడు."

మార్చి 22, ఆదివారం

వేశారు. మూడు వాక్యాలు. పేరు సరిగానే ఉంది. నాలుగు సార్లు చూసుకున్నాను.

ఏప్రిల్ 1, బుధవారం

గాజుమనిషి రాలేదు. "ఆలస్యమటండీ," అన్నాడు షాపాయన. ఇనుపరెక్క మాత్రం టంచనుగా వచ్చాడు, తండ్రి మళ్లీ బతికాడు. వచ్చే నెల మళ్లీ చస్తాడు.

ఏప్రిల్ 15, బుధవారం

వచ్చింది. షాపులో తెరవలేకపోయాను. ఇంటికి తెచ్చుకుని, చేతులు కడుక్కుని తెరిచాను.

మొదటి నాలుగు పేజీలు అన్నయ్యవి. గీత మొత్తం వణికింది. మొదట అనుకున్నాను, గాజుమనిషి కథ కదా, పగుళ్లలా ఉంది, ఒక అందం ఉంది అని. "ఈ వణుకులో కొత్త జీవం" అని కాగితం మీద రాశాను కూడా. తర్వాత అది అన్నయ్యది కాదనుకుని మళ్లీ చూశాను. వేరే ఎవరిదైనా అయితే ఏం రాసేదాన్నో నాకు తెలుసు. రాసింది కొట్టేశాను.

బాలేదు. గోడలు వంగిపోయాయి, వాన గడ్డిలా ఉంది. చేతులు దాచలేదు, అది ఒప్పుకోవాలి, ప్రతి బొమ్మలోనూ పెట్టాడు. కానీ మూడో పేజీలో కిటికీ తెరిచే చేతికి బొటనవేలు తప్పు వైపు ఉంది.

మిగతాది వదినది. చాలా బావుంది. ఒక్క పదిహేడో పేజీలో పోట్లాట అర్థం కాలేదు. ఎవరు ఎవర్ని కొట్టారో తెలీదు, గుంపులో ముఖాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. తొందరలో చుట్టేసినట్టుంది.

ఏప్రిల్ 16, గురువారం

ఉన్నదున్నట్టు రాశాను. ఎడిటర్ చదివి తల గోక్కున్నాడు.

"ఆయన పరిస్థితి తెలిసి కూడా మేడమ్... ఆ బొటనవేలు వదిలేయొచ్చుగా. ఎవరు చూస్తారు?"

"అన్నయ్య చూస్తాడు. జాలిపడి వదిలేశానని తెలిస్తే మళ్లీ కుంచె ముట్టుకోడు."

అలా అన్నాను కానీ, అంత గట్టిగా నాకూ తెలీదు.

ఏప్రిల్ 19, ఆదివారం

మొదటిసారి ఒక్క అక్షరం కూడా కొయ్యకుండా వేశాడు.

పొద్దున్నే ఫోన్. అన్నయ్య. తనంతట తను చేశాడు.

"మూడో పేజీలో బొటనవేలు తప్పు వైపు ఉందా?"

"ఉంది."

"అది అద్దంలో కనపడే చెయ్యి. అద్దాల పనివాడి కథ చదువుతూ ఆ మాత్రం తెలీదా నీకు?"

పుస్తకం తీసి చూశాను. "అద్దం ఎక్కడుంది ఇందులో?"

"కనపడకపోతేనే అది మంచి అద్దం."

"అన్నయ్యా, నువ్వు అద్దం గీయడం మర్చిపోయావు."

"మర్చిపోలేదు." ఆ తర్వాత నన్ను ఎడాపెడా వాయించాడు. వెనక నుంచి వదిన, "పదిహేడో పేజీ సంగతి అడుగు," అంటోంది. చివరికి ఫోన్ లాక్కుంది. "గుంపులో ఒక్కొక్కడికీ ఒక్కో ముఖం పెట్టాలా? నువ్వొచ్చి పెట్టు. బొమ్మల గురించి నీకేం తెలుసు అంటున్నాం ఇద్దరం." పెట్టేసింది.

ఒక్క పదం కూడా మార్చను. కావాలంటే ఇంకో వారం రాస్తాను.

ఏప్రిల్ 22, బుధవారం

ఇద్దరూ ఫోన్ ఎత్తడం లేదు. ఈసారి పొగరే.

ఈ వారం ఆరు పుస్తకాలు. ఆవిరి పిల్ల నడుము ఇంకోసారి తిప్పేశారు. షాపాయన కట్ట కడుతూ, నిన్న మా అన్నయ్యా వదినా వచ్చారని చెప్పాడు. నా కాలమ్ కౌంటర్ మీద పరుచుకుని చాలాసేపు తిట్టారట. వచ్చినవాళ్లంతా పుస్తకాలు మానేసి వాళ్లనే చూశారట.

"అన్నయ్యే ఎక్కువ తిట్టాడా?" అన్నాను.

"లేదండీ, ఆవిడే. ఆయన పక్కన నిలబడి మాటలు అందించారు."